పత్తి దొర కాగితాలు

మా పెద్దమ్మాయి కాన్పుకని వెళ్లి ఆరు నెలలపాటు అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని ఆగస్టా పట్టణంలో ఉన్నాను. మా అల్లుడు అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తాడు. ఒకనాటి రాత్రి పసిబిడ్డను నిద్రపుచ్చి కూర్చున్నాను. ఊరినుండి మా అన్నయ్య ఫోను చేశాడు.

"చెల్లాయ్, పాత ఇల్లు పడగొట్టిస్తున్నాం. తాతగారి భోషాణం తెరిచాం. నిండా కాగితాలే. చెదలు తిన్నవి తినగా ఇంకా చాలా మిగిలాయి. తగలబెట్టించెయ్యనా?"

మా తాతగారు గుంటూరు జిల్లాలో ప్లీడరు. నల్లరేగడి భూముల్లో పత్తి వేసిన ఆసామి. మా సంఘంలో పెద్ద. నాకు పదేళ్ల వయసులో ఆయన ప్రభువునందు నిద్రించారు. ఆయన ఒళ్లో కూర్చుని బైబిలు కథలు విన్న జ్ఞాపకం నాకింకా ఉంది. ఆ భోషాణాన్ని మాత్రం పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారు కారు. ఎర్ర గుడ్డ అట్ట వేసిన ఒక ఖాతా పుస్తకాన్ని అందులోనుండి తీయడం, రాయడం, మళ్లీ అందులోనే పెట్టి తాళం వేయడం నేను చూశాను.

"నేను వచ్చేదాకా ఆగు అన్నయ్యా" అన్నాను. ఎందుకలా అన్నానో ఆ రాత్రి నాకే తెలియదు. రెండు వారాలు గడిచాక తెలిసింది. ఆ సంగతి చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆగస్టా పట్టణం సవానా నది ఒడ్డున ఉంది. నది దాటితే దక్షిణ కరోలినా రాష్ట్రం. ఒక శనివారం మా అల్లుడు, "అత్తయ్యగారూ, మీరు సోషల్ టీచరుగా చేశారు కదా, దగ్గర్లోనే ఒక పాత పత్తి దొర ఇల్లుంది, చూద్దామా?" అన్నాడు. బీచ్ ఐలండ్ అనే ఊళ్లో రెడ్‌క్లిఫ్ అనే భవనానికి తీసుకువెళ్లాడు. ఎత్తైన మెరక మీద పెద్ద చెక్క మేడ. ఇరువైపులా మాగ్నోలియా చెట్లున్న బాట. ఆ మేడ వెనక చిన్న చిన్న చెక్క ఇళ్లు. ముందున్న మేడ దొరది, వెనకున్న ఇళ్లు బానిసలవి. ఇప్పుడది ప్రభుత్వం కాపాడుతున్న చారిత్రక స్థలం.

ఆ దొర పేరు జేమ్స్ హెన్రీ హామండ్. 1807లో పుట్టాడు. తండ్రి ఉత్తరాదినుండి వచ్చిన బడిపంతులు. ఆస్తిపాస్తులు లేవు. ఈయన కష్టపడి చదివి 1825లో కాలేజీ చదువు ముగించాడు. 1828లో వకీలయ్యాడు. కొంతకాలం పత్రిక నడిపాడు. 1831లో కేథరిన్ ఫిట్జ్‌సైమన్స్ అనే ధనికుల పిల్లను పెళ్లాడాడు. ఆమెకు అప్పటికి పదిహేడేళ్లు. తండ్రి లేని పిల్ల. ఆమెతోపాటు సవానా నది ఒడ్డున సిల్వర్ బ్లఫ్ అనే పెద్ద పత్తి తోట వచ్చింది. ఆ తోటతోపాటు 147 మంది మనుషులు కూడా వచ్చారు. కట్నంలో పశువులు వచ్చినట్టుగా మనుషులు వచ్చారు. అలా వకీలు దొరయ్యాడు. తర్వాత కాంగ్రెసు సభ్యుడు, 1842నుండి 1844దాకా గవర్నరు, 1857లో సెనేటరు కూడా అయ్యాడు.

ఈయనకు రాసే అలవాటు ఎక్కువ. ప్రతిదీ రాసేవాడు. తోటలో ఏ రోజు ఏ పని జరిగింది, ఎన్ని బేళ్ల పత్తి వచ్చింది, ఎవరు పుట్టారు, ఎవరు చనిపోయారు, ఎవరు పారిపోయారు, ఎవరు దొరికారు, అన్నీ రాశాడు. పొలానికి వేసే సున్నపు మట్టిని నది మీద పడవల్లో తెప్పించుకున్న లెక్కలూ రాశాడు. ఉత్తరాలు దాచాడు. రహస్యంగా డైరీలూ రాశాడు. ఆ కాగితాలు నేటికీ వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలోను, దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలోను భద్రంగా ఉన్నాయి. ఆ రహస్య డైరీలు 1988లో పుస్తకంగా కూడా వచ్చాయి. మా అమ్మాయి వాటినీ, ఆయన జీవితంమీద డ్రూ గిల్పిన్ ఫౌస్ట్ అనే చరిత్రకారిణి 1982లో రాసిన గ్రంథాన్నీ లైబ్రరీనుండి తెచ్చిపెట్టింది. మనుమరాలు నిద్రపోయిన వేళల్లో ఆ పుస్తకాలే చదువుతూ కూర్చున్నాను.

అందులో ఒక పేజీ దగ్గర నాకు కన్ను ముందుకు సాగలేదు. అది తోట నడపడానికి హామండ్ రాసుకున్న నియమావళి. బాలింతలు ఎలా పనిచేయాలో అందులో ఉంది. పొద్దు పొడవగానే బిడ్డను పిల్లల ఇంట్లో వదిలి పొలానికి పోవాలి. బిడ్డకు ఎనిమిది నెలలు నిండేవరకు రోజుకు మూడుసార్లు వచ్చి పాలివ్వవచ్చు. ఒక్కొక్కసారికి 45 నిమిషాలు. ఎండాకాలమైతే వచ్చీ రాగానే పాలివ్వకూడదు, ఒళ్లు చల్లబడేందుకు కనీసం 15 నిమిషాలు ఆగాలి. ఎనిమిది నెలలు నిండాక పన్నెండో నెల వచ్చేదాకా రోజుకు రెండుసార్లే. వాళ్లకు ఇచ్చే పని ఎప్పుడూ నివాసాలకు అరమైలు లోపే ఉండాలి.

చదువరులారా, నిజం చెబుతున్నాను. మొదట చదివినప్పుడు, 'ఫరవాలేదే, కాస్త దయగలవాడే' అనుకున్నాను. మన ఊళ్లలో కలుపు తీసే చేలగట్టుమీద చెట్టుకు ఉయ్యాల కట్టి, ముఠామేస్త్రీ కేకలేస్తుంటే పాలిచ్చి పరుగెత్తిన తల్లులను నేను చూశాను. వాళ్లకు 45 నిమిషాలు ఎవరిచ్చారు? కాని రెండోసారి చదివినప్పుడు అర్థమైంది. ఆ నియమంలో తల్లి లేదు, బిడ్డ లేదు. ఇద్దరూ దొర ఆస్తి. పాలు చెడితే బిడ్డ పోతుంది, బిడ్డ పోతే సొమ్ము పోతుంది. పక్క గదిలో నా మనుమరాలు ఏడ్చింది. మా అమ్మాయి గడియారం చూడకుండా లేచి వెళ్లింది. నేను పుస్తకం మూసేశాను.

మనుషులు అలాంటి బతుకు ఒప్పుకుని ఊరుకున్నారా? లేదు. దొర రాసిన కాగితాలే ఆ సంగతి చెబుతున్నాయి. 1831నుండి పాతికేళ్ల కాలంలో ఆ తోటనుండి యాభైకి పైగా పారిపోయే ప్రయత్నాలు జరిగాయి. ఒక్కరికి కూడా శాశ్వతంగా స్వేచ్ఛ దక్కలేదు. ఐనా పారిపోతూనే ఉన్నారు. ఎవరి వంతు పని వారు ముగించుకుని పొద్దుండగానే ఇంటికి పోయే పాత పద్ధతికి వాళ్లు అలవాటు పడ్డారు. దాన్ని తీసేసి అందరినీ గుంపుగా పొద్దుగూకేదాకా పనిచేయించాలని దొర పట్టుబట్టాడు. వాళ్లు పని చెడగొట్టి ఎదురు తిరిగారు.

నా మనసును ఎక్కువగా పట్టుకున్నది మాత్రం గుడి సంగతి.

సిల్వర్ బ్లఫ్ అంటే సామాన్యమైన స్థలం కాదు. అమెరికాలో నల్లవారు తమంతట తాముగా కూడుకున్న తొలి బాప్టిస్టు సంఘాలలో ఒకటి అక్కడే మొదలైంది. అది 1773-75 సంవత్సరాల మధ్య జరిగింది. అప్పటికి హామండ్ పుట్టనేలేదు. అప్పట్లో ఆ స్థలం జార్జ్ గాల్ఫిన్ అనే వర్తకుడిది. అతని బానిసల్లో డేవిడ్ జార్జ్ అనే యువకుడు ఆ సంఘానికి కాపరి అయ్యాడు. దొరగారి పిల్లల దగ్గర అక్షరాలు దిద్దుకుని బైబిలు చదవడం నేర్చుకున్నాడు. యుద్ధంలో స్వేచ్ఛ పొంది 1782లో నోవా స్కోషియాకు, అక్కడినుండి 1792లో ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌కు వెళ్లి అక్కడా సంఘం కట్టాడు. ఆ సిల్వర్ బ్లఫ్‌లో బోధించిన మరొక నల్ల బోధకుడు జార్జ్ లైల్. ఆయన జమైకా ద్వీపానికి వెళ్లి సువార్త ప్రకటించాడు. విలియం కేరీ దొరగారు 1793లో మన దేశంలో అడుగుపెట్టడానికి దాదాపు పదేళ్ల ముందు సంగతి ఇది! మనకు సండే స్కూల్లో కేరీగారి కథ చెప్పారు. జార్జ్ లైల్ పేరు ఎవరైనా చెప్పారా? నాకైతే చెప్పలేదు. నేనూ పిల్లలకు చెప్పలేదు.

అటువంటి స్థలానికి 1831 డిసెంబరులో కొత్త యజమానిగా వచ్చిన హామండ్, వచ్చిన కొద్ది రోజులకే తన డైరీలో ఒక తీర్మానం రాసుకున్నాడు. నల్లవారి బోధనలను, నల్లవారి గుళ్లను అంతం చేయాలని దాని భావం. దేవుడంటే ఆయనకు పడక కాదు. తెల్ల బోధకుడికి జీతమిచ్చి ఆదివారాల్లో బానిసలకు ప్రసంగాలు ఏర్పాటు చేశాడు. ఆయనకు పడనిది వేరే ఉంది. ఆ గుడిలో వాళ్ల మనిషి లేచి మాట్లాడతాడు, వాళ్లు వింటారు. అక్కడ దొర లేడు. అదే ఆయన భయం.

ఇరవై ఏళ్లు గడిచాయి. 1851లో ఆ డైరీలోనే ఇంకో మాట రాశాడు. తెల్ల బోధకుడు ఉన్న గుడిలో తప్ప మిగతా సంఘ కూడికలన్నీ ఆపించమని ఆజ్ఞాపించానని. ఇది చదివి నేను ఒంటరిగా కూర్చుని నవ్వాను, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. ఎందుకంటే, ఇరవై ఏళ్ల క్రితం అంతం చేద్దామనుకున్నది అంతమై ఉంటే మళ్లీ ఆజ్ఞ దేనికి? ఇరవై ఏళ్లపాటు వాళ్లు కూడుకుంటూనే ఉన్నారన్నమాట. చీకట్లోనో, చిత్తడి అడవిలోనో, ఎక్కడో ఒకచోట పాడుకుంటూనే ఉన్నారు. వాళ్లు ఒక్క కాగితం రాసుకోలేదు, రాసుకునే వీలు లేదు. వాళ్ల విశ్వాసానికి సాక్ష్యం వాళ్ల శత్రువు చేతిరాతలో మిగిలింది. ఆ కాగితాలు ఎవరైనా తగలబెట్టి ఉంటే?

అప్పుడే మా అన్నయ్య మాట గుర్తొచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. ఇది కుటుంబ పత్రిక, విడమరచి రాయలేను. కాని దాటవేస్తే అబద్ధమవుతుంది. హామండ్ తన రహస్య డైరీలో తన పాపాలు కూడా రాసుకున్నాడు. భార్య తోడబుట్టిన ఆమె కూతుళ్లలో నలుగురు. ఇంకా చిన్నవయసు పిల్లలు. వాళ్లపట్ల ఆయన చేయరాని పనులు చేశాడు. సంగతి బయటపడ్డాక ఆయన రాజకీయ జీవితం సుమారు పదేళ్లు ఆగింది. ఆ తర్వాత సెనేటరయ్యాడు. ఆ నలుగురు ఆడపిల్లల్లో ఒక్కరికీ పెళ్లి కాలేదు. 1830ల చివర శాలీ జాన్సన్ అనే కుట్టుపని తెలిసిన బానిస స్త్రీని, ఆమె పసికూతురు లూయీసాతో సహా కొన్నాడు. తల్లిని ఉంచుకున్నాడు. ఆ పసిది పన్నెండేళ్లకు వచ్చాక ఆ పిల్లనూ వదలలేదు. భార్య కేథరిన్ అది సహించలేక ఇల్లు విడిచి కొన్నేళ్లు వేరుగా ఉంది.

దావీదు రాజుకు నాతాను ప్రవక్త ఉన్నాడు. ఈయనకు భార్య వెళ్లిపోవడమే నాతాను గద్దింపు. కాని డైరీలో పశ్చాత్తాపం లేదు. తప్పు ఆ పిల్లలదే అన్నట్టు, లోకం తనకు అన్యాయం చేసిందన్నట్టు రాసుకున్నాడు. పాపాన్ని కాగితంమీద పెట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఇంత వివరంగా రాసినవాడికి 51వ కీర్తన తెలియక కాదు. అది తనకోసం రాశారని తోచలేదు, అంతే.

1856లో పెద్ద కొడుకు హ్యారీకి ఆయన రాసిన ఉత్తరం ఒకటి ఉంది. శాలీని, లూయీసాను, వాళ్ల పిల్లలను కొడుక్కి అప్పగిస్తూ రాసినది. వాళ్ల పిల్లల్లో కొందరు తన పిల్లలే అని ఒప్పుకుంటూ, వాళ్లను పరాయివారికి బానిసలు కానివ్వవద్దని కోరాడు. మన కుటుంబంలోనే బానిసలుగా ఉండటం ఈ భూమ్మీద వాళ్లకు దొరికే మంచి స్థితి అన్నాడు. తండ్రి ప్రేమతోనే రాశాడు. కన్న బిడ్డలకు అంతకంటే మంచిది ఆయనకు తోచలేదు.

బానిస గురించి యజమానికి రాసిన ఉత్తరం మన బైబిల్లో కూడా ఒకటుంది కదా. పౌలు ఫిలేమోనుకు రాసిన పత్రిక. ఇరవై ఐదే వచనాలు. ఒనేసిమును ఇక దాసుడుగా కాక ప్రియ సహోదరుడుగా చేర్చుకోమని, వాడు ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమని పౌలు అడిగాడు. ఈ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇద్దరూ బైబిలు తెలిసినవారే. బానిసత్వం వద్దని ఇంగ్లండులో జీవితమంతా పోరాడిన థామస్ క్లార్క్‌సన్ అనే వృద్ధునికి 1845లో ఇదే హామండ్ బహిరంగ లేఖలు రాసి, బానిసత్వానికి బైబిలు అనుమతి ఉందని వాదించాడు. వకీలు కదా, లేఖనాల్లోనుండి వాదానికి కావలసినవన్నీ ఏరుకున్నాడు.

అదే 1845 మే నెలలో నేనున్న ఆగస్టా పట్టణంలోనే దక్షిణాది బాప్టిస్టులు కూడి వేరే సమాఖ్యగా ఏర్పడ్డారు. బానిసలున్నవాడు మిషనరీ కావచ్చునా కూడదా అనే తగవు అందుకు ముఖ్య కారణం. మనకూ దానితో సంబంధం ఉంది. అప్పటికి ఐదేళ్లనుండి శామ్యూల్ డే దొరగారు నెల్లూరులో తెలుగువారి మధ్య పనిచేస్తున్నారు. ఆ చీలికలో మన తెలుగు మిషను ఉత్తరాదివారి పక్షాన నిలిచింది. దక్షిణాది సమాఖ్య తన పుట్టుకలోని ఆ దోషాన్ని ఒప్పుకుని క్షమాపణ కోరుతూ 1995లో తీర్మానం చేసింది. నూట యాభై ఏళ్లు పట్టింది. ఐనా ఒప్పుకుంది.

హామండ్ పేరు చరిత్రలో నిలిచింది 1858 మార్చి 4న సెనేటులో ఆయన చేసిన ప్రసంగంవల్ల. పత్తే రాజు అన్నాడు. మూడేళ్లు మేం పత్తి పంపకపోతే ఇంగ్లండు కూలిపోతుంది, మాతో యుద్ధానికి దిగే ధైర్యం ఎవరికీ లేదు అన్నాడు. అప్పట్లో ఇంగ్లండు మిల్లులకు వెళ్లే దూదిలో మూడు వంతులకు పైగా వాళ్లదే. 1860 లెక్కల ప్రకారం ఆ దేశంలో దాదాపు నలభై లక్షల మంది బానిసలున్నారు. అదే ప్రసంగంలో ఇంకొక మాట అన్నాడు. ఇల్లు కట్టేటప్పుడు నేలకు ఆనించి బురదలో అడుగు దూలం వేస్తారు. దాని మీదే ఇల్లంతా లేస్తుంది. అలాగే ప్రతి సమాజానికీ అడుగున ఉండి నీచమైన పనులు చేసే జాతి ఒకటి ఉండాలి, వారిమీదే మిగతావారి నాగరికత నిలుస్తుంది అన్నాడు.

ఆ మాట చదివితే మీకెవరు గుర్తొచ్చారో నాకు తెలియదు. నాకు మాత్రం మా ఊరు గుర్తొచ్చింది. మా మాలపల్లె, మాదిగపల్లె గుర్తొచ్చాయి.

1861లో యుద్ధం వచ్చింది. దక్షిణాది రేవులను ఉత్తరాది ఓడలు మూసేశాయి. పత్తి రాజు సింహాసనం కదిలింది. ఇంగ్లండు కూలిపోలేదు. లాంకషైరు నేతపనివారు ఆకలికి మాడారు, కాని మిల్లులవారు దూదికోసం ఈజిప్టుకు, మన దేశానికి తిరిగారు. బొంబాయిలో ధరలు ఆకాశానికంటాయి. మన కోస్తాలో కాకినాడ రేవునుండి కూడా పత్తి ఎగుమతి పెరిగింది. 1865లో యుద్ధం ముగియగానే ధర కుప్పకూలి మన రైతులు అప్పుల్లో పడ్డారు. సవానా నది ఒడ్డున బానిస చేతులు ఆగితే కృష్ణ ఒడ్డున నల్లరేగడికి ధర వచ్చింది! లోకంలో ఏ పొలానికీ ఒంటరి చరిత్ర లేదు.

హామండ్ 1864 నవంబరు 13న చనిపోయాడు. మేము ఓడిపోతే నా సమాధిమీద నాగలి నడిపించండి అని కొడుకుతో చెప్పాడు. మరుసటి సంవత్సరమే ఓడిపోయారు. 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. రెడ్‌క్లిఫ్‌లో ఉన్నవారిలో కొన్ని కుటుంబాలు తర్వాత కూడా అక్కడే కౌలుకు చేసుకుంటూ, ఇంటిపని చేసుకుంటూ బతికాయి. హామండ్ మునిమనుమడు జాన్ షా బిల్లింగ్స్ పేరుపొందిన పత్రికా సంపాదకుడు. 1935లో శిథిలమైపోతున్న ఆ మేడ కొని బాగుచేయించాడు, 1973లో దాన్ని రాష్ట్రానికి అప్పగించాడు. ఇంటి పరువు తీసే కాగితాలు ఆ వంశంలో తరతరాలు చేతులు మారాయి. ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి పొయ్యిలో వేయవచ్చు. వేయలేదు. ఏ ఉద్దేశంతో దాచారో గాని, దాచారు. ఈ రోజు నల్లవారి బిడ్డలు తమ ముత్తవ్వల పేర్లు వెదుక్కుంటూ అటువంటి కాగితాల దగ్గరికే వస్తున్నారు. వాళ్లకు అంతకంటే వేరే కుటుంబ బైబిలు లేదు.

నేను మన దేశానికి తిరిగి వచ్చాక తిన్నగా మా ఊరు వెళ్లాను. అన్నయ్య భోషాణాన్ని పశువుల కొట్టంలో పెట్టించాడు. ఇద్దరం కూర్చుని కాగితాలు వేరు చేశాం. వకాల్తాలు, దస్తావేజులు, సంఘం చందా లెక్కలు. అడుగున ఎర్ర అట్ట పుస్తకం.

అది పాలేర్ల ఖాతా. ఒక్కొక్క పేజీ ఒక్కొక్కరిది. ఏడాది జీతం ఇన్ని బస్తాల జొన్నలు. పెళ్లికి తీసుకున్నది ఇంత, జబ్బుకు తీసుకున్నది ఇంత, దానిమీద వడ్డీ ఇంత. ఏడాది చివర బాకీ. ఆ బాకీ వచ్చే ఏడాదికి. ఒకచోట పాలేరు చనిపోయాడు. తాతగారు గుండ్రని అందమైన అక్షరాలతో, ఆ బాకీని పన్నెండేళ్ల కొడుకు పేరుమీదికి మార్చి రాశారు. కింద ఆ పిల్లవాడి వేలిముద్ర. ఆ ఆదివారం ఆ పిల్లవాడు మా గుడిలోనే వెనక చాపమీద కూర్చుని ఉంటాడు. ముందు బెంచీమీద తాతగారు. ఒకే పాట పాడి ఉంటారు.

మా తాతగారు హామండ్ వంటి మనిషి కారు. ఇంట్లో మచ్చలేని మనిషి. పాలేర్లకు పండక్కి బట్టలు పెట్టారు, రోగమొస్తే మందు ఇప్పించారు. నేను ఆయనను ఇప్పటికీ ప్రేమిస్తాను. కాని మంచివాడైన మా తాతగారి చేతిరాతలో కూడా బురదలోని అడుగు దూలం ఉంది. దానిమీదే మా నాన్నగారి చదువు, నా చదువు, అన్నయ్య ఇల్లు లేచాయి. వెట్టిచాకిరీని చట్టం రద్దు చేసింది 1976లో. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను.

"ఇప్పుడు ఇది బయటపెడితే ఏమొస్తుంది? తాతగారికి చెడ్డపేరు. పోయినవారు తిరిగి వస్తారా?" అన్నాడు అన్నయ్య. ఆయన తగవు అర్థం లేనిది కాదు. నాకూ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారాక, "ఆ పేజీ మనది కాదు అన్నయ్యా. వాళ్లది. మన భోషాణంలో ఉందంతే" అన్నాను. చాలాసేపు ఊరుకుని, "పద, నేనూ వస్తాను" అన్నాడు.

ఆ వేలిముద్ర పెట్టిన పిల్లవాడి మనుమడు ఇప్పుడు మండల కేంద్రంలో హైస్కూలు మాస్టారు. అరవైకి దగ్గరపడ్డాడు. మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీలు వేశాడు. "చెప్పండి టీచరుగారూ" అన్నాడు. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "మావాళ్లు చేసింది తప్పు మాస్టారూ" అని మాత్రం అనగలిగాను.

ఆయన మాట్లాడలేదు. కళ్లజోడు తెచ్చుకుని పేజీ మొత్తం చదివాడు. లెక్కలు చదివాడు, వడ్డీ చదివాడు. ముఖంలో కోపం వచ్చింది, ఆగింది. అది న్యాయమైన కోపం. మేము తల వంచుకుని కూర్చున్నాం. చివరికి అడుగున వేలిముద్ర దగ్గర ఆగి దానిమీద తన బొటనవేలు మెల్లగా ఆనించాడు.

"మా తాత ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు టీచరుగారూ" అన్నాడు. "ఇంత చిన్న వేలా!"

లోపలికి తిరిగి పిల్లల్ని పిలిచాడు.

ఆ పేజీ ఇప్పుడు వాళ్లింట్లో ఉంది. మిగతా పేజీల్లో పేర్లు ఇంకా పదకొండు ఉన్నాయి. నేనూ అన్నయ్యా ఒక్కొక్క ఇల్లే వెదుక్కుంటూ వెళ్తున్నాం. కొందరు లోపలికి రమ్మన్నారు. ఒకరు గుమ్మంలోనే నిలబెట్టి పంపించారు. అదీ న్యాయమే. ఫిలేమోను ఉత్తరం అందుకున్నాక ఏం చేశాడో బైబిల్లో రాసి లేదు. అది ఎవరి ఇంట్లో వారే రాసుకోవాలి కాబోలు.

మీ ఇంట్లో కూడా ఏ అటకమీదో ఒక పాత పెట్టె ఉండవచ్చు. తగలబెట్టే ముందు ఒకసారి తెరిచి చూడండి. అందులో ఎవరిదో వేలిముద్ర ఉంటుంది.